ఇంటి ముంగిలి – ఊరి కట్టుబాటు

తిరువాలంగాడు అనగానే భక్తులకు రత్నసభయు, కారైక్కాల్ అమ్మయారును స్మరణకు వత్తురు. చరిత్ర చదివినవారికి రాగిరేకులు జ్ఞప్తికి వచ్చును. మా వటారణ్యేశ్వరుని ఆలయమున 1905లో దొరికిన ఆ 31 రేకులు మొదటి రాజేంద్రచోళుని ఆఱవ పాలనావత్సరమున, అనగా రమారమి 1018లో, పళైయనూరు గ్రామమును స్వామికి సమర్పించిన దానశాసనము. అందు సంస్కృతభాగము చోళవంశ ప్రశస్తి. తమిళభాగము దానమునకు సంబంధించిన లెక్కయు వివరమును. పండితులు మొదటిదానిని మెచ్చుకొందురు. ముప్పది సంవత్సరములు గుమాస్తాగా దస్త్రములు సర్దిన నాకు మాత్రము రెండవదియే ప్రీతిపాత్రము. ఎవరికి ఏ హక్కు గలదు, ఎవరికి లేదు అను సంగతి అట్టి చోటులనే తెలియును.

ఈ విషయము వ్రాయుటకు ఒక కారణము కలదు. చెన్నపట్టణమున మా అమ్మాయి నివసించు అపార్టుమెంటులో గృహయజమానుల సంఘమువారు ఒక ప్రకటన అంటించిరి. భవనపు అందము చెడుచున్నది గనుక నడవలో ముగ్గులు వేయరాదు, గడపకు పసుపు పూయరాదు, వరండాలో బట్టలు ఆరవేయరాదు అని అందలి సారాంశము. తరతరముల తెలుగు ఆచారమునకు ఇంత అవమానమా అని నేను మండిపడితిని. అమ్మాయి నన్ను చూచి, "నాన్నా, క్రింది అంశము కూడ చదివితిరా?" అని అడిగెను. ఇండ్లలో పనిచేయువారు లిఫ్టు ఎక్కరాదని అందు వ్రాసియుండెను. ఆ కాగితమును నేను రెండుసార్లు చదివితిని. ఆ వాక్యము నా కంటికి ఆనలేదు. ఆ సిగ్గు నన్ను మరల పాత శాసనముల వద్దకు పంపినది.

ఇంటి స్వరూపమును గూర్చిన కట్టుబాటు మనకు క్రొత్తది కాదు. చోళుల తామ్రశాసనములలో దానగ్రామములకు ఇచ్చు వ్యవస్థలు కొన్ని కానవచ్చును. కాల్చిన ఇటుకలతో మేడలు కట్టుకొనవచ్చును, బావులు త్రవ్వుకొనవచ్చును, దవనము, వట్టివేరు నాటుకొనవచ్చును, కొబ్బరితోటలు వేసికొనవచ్చును. వీనిని అనుమతులుగా వ్రాసిరనగా, అనుమతి లేనివారు ఇటుకమేడ కట్టుటకు వీలులేదన్నమాట. ఆ జాబితాలోనే కల్లుగీత వృత్తిగా గల ఈళవులు కొబ్బరి, తాటిచెట్లు ఎక్కరాదను నిషేధమును ఉండును. ఒకరికి మేడ వరము. మరొకరికి చెట్టు నిషిద్ధము.

గృహయజమానుల సంఘమునకు మూలపురుషుని వెదకువారు కాంచీపురమునకు దక్షిణముననున్న ఉత్తరమేరూరునకు పోవలెను. మొదటి పరాంతకచోళుని కాలపు 919, 921 నాటి శాసనములు అచట వైకుంఠపెరుమాళ్ల ఆలయపు గోడలపై నున్నవి. ఊరిని 30 కుడుంబులుగా విభజించి, అర్హుల పేర్లు తాటియాకు ముక్కలపై వ్రాసి, కుండలో వేసి, బాలునిచేత తీయించి, సంవత్సరపు సంఘమును, తోటల సంఘమును, చెరువు సంఘమును ఏర్పరచెడివారు. సభ్యుడగుటకు పన్ను చెల్లించు భూమి పావువేలికి మించి ఉండవలెను. సొంత స్థలమున కట్టుకొన్న ఇల్లు ఉండవలెను. వయస్సు 35 నుండి 70 వఱకు. ఒక వేదమును, ఒక భాష్యమును ఎఱిగినవానికి భూమి వేలిలో ఎనిమిదవ వంతు ఉన్నను చాలును. పూర్వము సంఘమున నుండి లెక్కలు అప్పగింపనివాడును, వాని బంధువులును అనర్హులు. ఈ చివరి నిబంధన చదివినప్పుడెల్ల గుమాస్తాగా నాకు చేతులెత్తి మ్రొక్కవలెననిపించును. అయినను ఒక మాట మరువరాదు. అది బ్రాహ్మణుల అగ్రహారసభ. ఇల్లు లేనివానికి, స్త్రీకి, పొలములో వంగి పనిచేయువానికి ఆ కుండలో చీటి లేదు. రాజరాజచోళుని తంజావూరు శాసనములలో పన్ను లేని భూములను పేర్కొనుచు చెరువులు, కాలువలు, శ్మశానములతోపాటు పఱైచ్చేరి, కమ్మాణచ్చేరి అని వేఱు వాడలను వ్రాసిరి. ఊరికి అందమెంతో, ఎడమంత.

వీనికంటె నన్ను కదిలించినది కొంగునాటి శాసనమొకటి. కోనేరిన్మైకొండాన్ అను బిరుదు గల రాజు అచటి కమ్మాళరులకు, అనగా కమ్మరి, వడ్రంగి, కంసాలి మొదలగువారికి, కొన్ని హక్కులు ప్రసాదించెను. శుభాశుభములందు జంటశంఖములు ఊదించుకొనవచ్చును. బయటికి పోవునప్పుడు చెప్పులు తొడుగుకొనవచ్చును. ఇండ్ల గోడలకు సున్నము పూసికొనవచ్చును. ఆలోచింపుడు. ఊరివారందఱి ఇండ్లకు తలుపులు చేసిన వడ్రంగికి తన గోడకు సున్నము పూయుటకు రాజాజ్ఞ కావలసివచ్చినది! అది పరిశుభ్రతకు వచ్చిన నియమము కాదు. దూరమునుండి చూడగానే ఎవరి ఇల్లు ఎవరిదో తెలియుటకు పెట్టిన గుర్తు.

ఇది మన దేశపు దోషము మాత్రమే కాదు. అమెరికాలో న్యూయార్కు వద్ద 1947లో ప్రారంభమైన లెవిట్‌టౌనులో పచ్చిక కత్తిరింపవలెనని, వారాంతములందు బట్టలు ఆరవేయరాదని కట్టడి చేసిరి. ఆ పత్రములలోనే తెల్లవారు గాక ఇతరులు నివసింపరాదనియు వ్రాసిరి. జాతిభేదముతో కూడిన అట్టి ఒడంబడికలను న్యాయస్థానములు అమలుపఱచరాదని అచటి సుప్రీంకోర్టు 1948లో షెల్లీ కేసున తీర్పు చెప్పెను. 1968 నాటి చట్టము గృహవిషయమున అట్టి వివక్షనే నిషేధించెను. నేడు మన తెలుగువారు అనేకులు నివసించు టెక్సాసులో, గృహయజమానుల సంఘములు ద్వారముపై మతచిహ్నములను తొలగింపజేయకుండ 2011లో చట్టము వచ్చెను. అప్పుడు 25 చదరపు అంగుళముల పరిమితి యుండెను. 2021లో దానిని సవరించి స్వేచ్ఛను విస్తరింపజేసిరి. మామిడితోరణము కట్టుకొనువారికి ఇది సంతోషకరమైన వార్త.

మా తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న చిత్తూరుజిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు మారినప్పుడు నేను చంటిబిడ్డను. హద్దు మారినది గాని మా వీధిలో ముగ్గు మారలేదు. తమిళులును మేమును ఒకే వరిపిండితో వేసితిమి. వారు కోలమనిరి, మేము ముగ్గంటిమి. అట్టి ముగ్గును కాపాడుకొనవలెనను కోరిక నాకు ఇప్పటికిని కలదు. కాని నా గడపకు నేను కోరు మన్నన, ఆ గడపను తుడుచు ఆమెకు లేకపోయిన, అది హక్కు కాదు. ఉత్తరమేరూరు కుండలోని చీటి వంటిది మాత్రమే.

నియమములు వలదని నేననుట లేదు. చెత్త వీథిలో పోయరాదు, లెక్కలు చూపవలెను, చెరువు పూడిక తీయవలెను. ఇట్టివి లేక ఊరు నిలువదు. ప్రతి కట్టుబాటును ఒక ప్రశ్న అడిగిన చాలును: ఇది ఊరిని శుభ్రపఱచుచున్నదా, మనుష్యుని దూరపఱచుచున్నదా?

సంఘపు వార్షికసమావేశమున మా అమ్మాయి లేచి రెండంశములను గూర్చియు మాటలాడినది. ముగ్గుకు గడపముందు మూరెడు చోటు అనుగ్రహించిరి. లిఫ్టు సంగతి వచ్చు సమావేశమున చూతమనిరి. ఆ కాగితము ఇంకను గోడపైననే యున్నది.