చక్రానికి తగిన టైరు

లారీకి పెద్ద టైరు వేస్తే బలం పెరుగుతుందని చాలామంది అనుకొంటారు. కాని టైరు ఒక గాలిసంచి వంటిది. దాని మూతిని పట్టి ఉంచేది చక్రపు రిమ్ము. ఈ రెంటికీ పొత్తు కుదరాలన్న సంగతి మానవునికి క్రమక్రమంగా తెలిసినది.

స్కాట్లండువాసి రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలిటైరుకు పేటెంటు పొందినాడు. కాని అది వ్యాప్తిలోనికి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరపు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తిరిగి దానిని కనిపెట్టిన పిమ్మట ప్రచారమైనది.

తొలినాటి మోటారు టైర్లపై రెండే అంకెలుండేవి. ఫోర్డు మోడల్ టి బండి వెనుక టైరు 30×3½. అనగా మొత్తం ఎత్తు 30 అంగుళాలు, లావు మూడున్నర. పైనా కిందా ఉన్న లావు, మొత్తం 7 అంగుళాలు, తీసివేస్తే రిమ్ము వ్యాసం 23 అని తేలుతుంది. 1923లో ఫైర్‌స్టోన్ కంపెనీ తక్కువ పీడనంతో నడిచే లావుపాటి 'బెలూన్' టైర్లను ప్రవేశపెట్టినది. ఫోర్డు కార్ఖానా తన మొదటి పికప్ ట్రక్కును అమ్మకానికి పెట్టిన 1925లోనే మోడల్ టి బండ్లకు 4.40-21 టైర్లు కూడ లభించినవి. ఇందులో మొదటిది లావు, రెండవది రిమ్ము వ్యాసం. 21కి 8.8 కలిపితే 29.8. బండి ఎత్తు దాదాపు మారలేదు. కాని 23 అంగుళాల పాత రిమ్ముకు ఈ టైరు పట్టదు. చక్రమే మార్చవలసివచ్చినది.

వ్యాసం కుదిరితే చాలునా? చాలదు. రిమ్ము వెడల్పు కూడ కుదరాలి. రిమ్ము ఇరుకైతే టైరు పక్కలు ఉబ్బి, నడిమిభాగం ముందుగా అరుగుతుంది. మలుపులలో బండి ఊగుతుంది. మరీ వెడల్పయితే పక్కలు సాగి, అంచులు త్వరగా అరుగుతాయి. గాలి తగ్గినపుడు టైరు రిమ్మునుండి జారిపోవచ్చును కూడ.

పికప్ ట్రక్కులను మార్చుకొనేవారు వాడే 31×10.50ఆర్15 టైరును చూడండి. ఎత్తు, లావు, రిమ్ము వ్యాసం అంగుళాలలో ఉన్నవి; 'ఆర్' రేడియల్ నిర్మాణానికి గుర్తు. రిమ్ము వెడల్పు మాత్రం అందులో లేదు. అది తయారీదారుల పట్టికలో దొరుకుతుంది: 7 నుండి 9 అంగుళాలు. పై లావు 8.5 అంగుళాల రిమ్ముపై కొలిచినది. రిమ్ము అర అంగుళం తగ్గితే టైరు లావు సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గుతుంది. కనుక 7 అంగుళాల రిమ్ముపై అదే టైరు సుమారు 15 మిల్లీమీటర్లు సన్నబడుతుంది.

మన లారీలపై కనిపించే 10.00-20 అన్న గుర్తు కూడ బెలూన్ టైర్లనాటి పద్ధతిదే. దానికి తగిన రిమ్ము వెడల్పు 7.5 అంగుళాలు, ఆ అంకెను టైరుపై కాక, రిమ్ముపై వెదకాలి. టైరు మార్చేవారు రెండు చోట్లా చదవడం అవసరం.