జీతంలో అద్దె ఎంత? బరోడా సత్రం నుంచి గచ్చిబౌలి గది దాకా

మన బతుకుల చరిత్ర – 14వ భాగం



పోయిన ఆదివారం తొర్రూరు బస్టాండులో నిలబడి ఉంటే ఫోన్ వచ్చింది. మా వాడ పిల్లే. గురుకులంలో చదివి, యూనివర్సిటీ హాస్టల్‌లో ఉండి పీజీ చేసింది. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది.

“అన్నా, చేతికి 32,000 వస్తున్నయి. ఇప్పుడు లేడీస్ హాస్టల్ల ముగ్గురం ఒక రూంల ఉంటున్నం. ఆఫీసు దగ్గర ఒక సింగిల్ రూం చూసిన. 9,500 అంటుండు ఓనరు. జీతంల 30 శాతం దాకా అద్దె పెట్టొచ్చని మా టీంల అందరు అంటున్నరు. తీసుకోమంటవా?”

“రాత్రికి చెప్తా చెల్లె” అన్నాను. రాత్రి గంటసేపు మాట్లాడుకున్నాం. ఈసారి భాగం ఆ గంటదే. ఇది డబ్బు లెక్కే కదా, చరిత్రతో ఏం పని అనుకునే తమ్ముళ్ళు చివరిదాకా చదవండి.

ముందు ఆ 30 శాతం సంగతి చూద్దాం. అది ఎక్కడ పుట్టింది?

పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో కూలీల మధ్య ఒక మాట ఉండేది: వారం కూలి నెల అద్దెకు సరిపోవాలి అని. అంటే సుమారు నాలుగో వంతు. అదే కాలంలో, 1868లో, బెర్లిన్‌లో హెర్మన్ ష్వాబే అనే గణాంకవేత్త ఇంటి ఖర్చులు పరిశీలించి ఒక విషయం తేల్చాడు. ఆదాయం ఎంత తక్కువైతే, అందులో అద్దెకు పోయే వాటా అంత ఎక్కువ. ఉన్నవాడికి అద్దె చిన్న ముక్క. లేనివాడికి అదే పెద్ద ముక్క.

ఆ నాలుగో వంతు మాట చట్టంలోకి ఎక్కింది 1969లో. ఎక్కించినవాడు ఎడ్వర్డ్ బ్రూక్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. ప్రజల ఓట్లతో అమెరికా సెనేట్‌కు గెలిచిన మొదటి నల్లజాతి మనిషి ఆయన. ప్రభుత్వ గృహాల్లో ఉంటున్న పేదలు అద్దెలు కట్టలేక నలిగిపోతుంటే, వాళ్ళ ఆదాయంలో 25 శాతం మించి వసూలు చేయొద్దని సవరణ తెచ్చాడు. 1981లో రీగన్ ప్రభుత్వం దాన్ని 30 శాతానికి పెంచింది.

అర్థమైందా? 30 శాతం అనేది పేదోడి దగ్గర ఇంతకు మించి గుంజొద్దని సర్కారుకు వేసిన కట్టడి. దాన్నే ఇవాళ మన పిల్లలకు “ఇంతదాకా ఖర్చు పెట్టుకోవచ్చు” అనే సలహాగా తిప్పి చెప్తున్నారు. పైగా బ్రూక్ ముందే ఇంకో పని చేసిపెట్టుకున్నాడు. వాల్టర్ మాండేల్‌తో కలిసి, జాతి చూసి ఇల్లు నిరాకరించడాన్ని నిషేధించే చట్టం కోసం కొట్లాడాడు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, 1968 ఏప్రిల్ 11న, ఆ చట్టం వచ్చింది. తలుపు తెరిపించే చట్టం ముందు, అద్దెకు హద్దు పెట్టే చట్టం తర్వాత. నల్లజాతి వాళ్ళకు ఆ వరుస ఎందుకు అవసరమైందో మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తలుపే తెరుచుకోనప్పుడు శాతం లెక్క ఎవరికి?

ఇక మన చరిత్రకు వద్దాం. 1917.

కొలంబియా యూనివర్సిటీలో చదివి వచ్చిన 26 ఏళ్ళ యువకుడు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌కు బదులుగా పదేళ్ళు ఆ సంస్థానంలో పని చేస్తానని రాసిచ్చాడు. ఉద్యోగంలో చేరడానికి బరోడా స్టేషన్లో దిగాడు. చేతిలో చదువుంది, ఉద్యోగముంది, జీతముంది. లేనిది ఒక్కటే, తల దాచుకునే గది. హిందూ హోటళ్ళలో దిగితే కులం అడుగుతారు. చివరికి ఒక పార్సీ సత్రంలో, పార్సీ పేరు రాయించుకుని దిగాడు. తిండికీ ఉండడానికీ కలిపి రోజుకు రూపాయిన్నర. కరెంటు దీపం లేదు. చుట్టూ పనికిరాని పాత సామాను. మాట్లాడడానికి మరో మనిషి లేడు.

ప్రభుత్వ బంగళా కోసం పెట్టిన అర్జీ ఒక అధికారి నుంచి ఇంకో అధికారికి తిరుగుతూనే ఉంది. పదకొండో రోజు పొద్దున డజను మంది పార్సీలు కర్రలు పట్టుకొని మెట్లెక్కి వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ మిత్రుణ్ణి అడిగాడు, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి అడిగాడు. ఇద్దరి ఇళ్ళలోనూ చోటు దొరకలేదు. రాత్రి బొంబాయి రైలు దాకా పార్కులో కూర్చున్నాడు. బాబాసాహెబ్ తానే రాసుకున్న ముచ్చట ఇది.

ఈ కథ మనందరికీ తెలుసు. కన్నీళ్ళతో చెప్పుకుంటాం. కానీ అద్దె లెక్కగా ఎప్పుడైనా చూశామా? రోజుకు రూపాయిన్నర అంటే నెలకు 45 రూపాయలు. ఇవ్వడానికి ఆయన సిద్ధమే. ధర దగ్గర పేచీ లేదు. పేచీ పేరు దగ్గర వచ్చింది. పేరు దాచుకొని సంపాదించిన గది పదకొండు రోజులే నిలిచింది.

తర్వాత ఏం జరిగిందో తక్కువ మంది మాట్లాడతారు. 1918 నవంబర్‌లో ఆయన బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు. జీతం నెలకు 450 రూపాయలు. ఆ రోజుల్లో అది పెద్ద జీతం. ఎక్కడ ఉన్నాడు? పరేల్‌లో, బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ కట్టిన చాల్‌లో, రెండు చిన్న గదుల్లో. 1896 ప్లేగు తర్వాత పుట్టిన ట్రస్ట్ అది. చుట్టూ మిల్లు కార్మికులు, మనవాళ్ళు. ప్రొఫెసర్‌గారు మాత్రం అదే వరండా, అదే మెట్లు.

ఎందుకు ఉన్నాడు? పిసినారితనంతో కాదు. లండన్ చదువు సగంలో ఆగిపోయి ఉంది. ఆ జీతంలోంచి ఇంటికి లెక్కగా ఇచ్చి, మిగిలింది కూడబెట్టాడు. ఆ కూడబెట్టిన డబ్బుకు కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, మిత్రుడు నావల్ భథేనా దగ్గర తెచ్చిన 5,000 అప్పు తోడయ్యాయి. 1920లో మళ్ళీ ఓడ ఎక్కాడు. 1923లో లండన్ నుంచి డీఎస్సీ వచ్చింది. రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం ఆ ఏడాదే అచ్చయింది. 1912 నుంచి 1934 దాకా, విదేశాల్లో ఉన్న ఏళ్ళు పోను, ఆయన కుటుంబం ఇల్లు ఆ చాలే. ఆ తర్వాత దాదర్‌లో కట్టుకున్న రాజగృహకు మారాడు, ఆ ఇల్లు కట్టుకున్నదీ పుస్తకాలకు చోటు కావాలని.

బరోడా కథ ఏడిపిస్తుంది. పరేల్ కథ లెక్క నేర్పుతుంది. రెండూ ఒకే మనిషివి. ఒకటి చెప్పి ఇంకొకటి వదిలేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు.

మన దగ్గరికి వస్తే, ఈ ప్రాంతంలో అద్దె అనే మాట కంటే ముందు కౌలు అనే మాట ఉంది. తొర్రూరు పక్కనే పాలకుర్తి. చాకలి ఐలమ్మ అక్కడ కౌలుకు తీసుకున్న భూమిలో పంట పండిస్తే, ఆ పంట మీద కన్నేసింది విసునూరు దేశ్‌ముఖ్. ఆమె కొట్లాడింది దేనికోసం? కౌలు పోగా మిగిలింది నాది అనడానికి. జీతం తీసుకునే మన పిల్లలకు కూడా అసలు ప్రశ్న ఇదే. అద్దె పోగా మిగిలేది ఎంత, ఆ మిగిలింది ఎవరిది?

హైదరాబాద్ నగరంలో మనవాళ్ళు నిలదొక్కుకున్న చరిత్ర కూడా నీడ వెతుక్కున్న చరిత్రే. మాదరి భాగయ్య, మనం భాగ్యరెడ్డి వర్మ అని పిలుచుకునే మహనీయుడు, 1906లో జగన్ మిత్ర మండలి పెట్టేనాటికి 18 ఏళ్ళవాడు. అంతకుముందు ఆయనకు నగరంలో నీడనిచ్చింది ఒక క్రైస్తవ న్యాయవాది ఇల్లు, అదీ పనికి కుదిరినందుకు. ఆ తర్వాత ఆయన మన పిల్లలకు బడులు పెట్టాడు. అటు బొంబాయిలో బాబాసాహెబ్ 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించి, మరుసటి ఏడే షోలాపూర్‌లో హాస్టల్ తెరిచాడు. చదువుకునే పిల్లకు పుస్తకం కంటే ముందు కప్పు కావాలని వాళ్ళకు తెలుసు. ఇవాళ మన ఎస్సీ హాస్టళ్ళు, గురుకులాలు ఆ తోవలో వచ్చినవే.

అందుకే మన పిల్లల్లో ఒక విచిత్రం కనబడుతుంది. ఐదో తరగతిలో గురుకులం, తర్వాత కాలేజీ హాస్టల్, తర్వాత యూనివర్సిటీ హాస్టల్. 22 ఏళ్ళు వచ్చేదాకా అద్దె అంటే ఏందో తెల్వదు. ఉద్యోగం వచ్చిన నెలే ఆ కప్పు పోతుంది. రెండు నెలల అడ్వాన్సు తెమ్మంటారు. మొదటి జీతం రాకముందే మొదటి అప్పు. ఇంట్లో ఎవ్వరికీ పట్నం అద్దెల అనుభవం ఉండదు, అడిగి తెలుసుకుందామంటే.

ఇప్పుడు ఆ పిల్లతో వేసిన లెక్క చూడండి.

చేతికి 32,000. ఇంటికి నెలకు 8,000 పంపాలి. నాన్నకు షుగర్ మందులు, తమ్ముని చదువు. చదువు కోసం తెచ్చిన అప్పుకు 4,000. ఇవి రెండూ తప్పేవి కావు. మిగిలింది 20,000.

పక్క సీటులో కూర్చునే మిత్రునికీ 32,000 జీతమే. వాళ్ళ నాన్నకు పింఛను ఉంది, సొంతిల్లు ఉంది. అతడు ఇంటికి రూపాయి పంపక్కర్లేదు. అతనికి 9,500 అంటే 32,000లో 30 శాతం. మా పిల్లకు అదే 9,500 అంటే 20,000లో దాదాపు సగం. ఒకే జీతం, ఒకే గది, ఒకే శాతం అని పైకి కనబడుతుంది. లోపల తేడా ఒక తరం ఆస్తి.

కాబట్టి నేను చెప్పింది ఇది. శాతం లెక్క వేస్తే జీతం మీద వేయకు. ఇంటికి పంపేది, అప్పుకు కట్టేది తీసేసి మిగిలినదాని మీద వేయి. 20,000లో 30 శాతం అంటే 6,000. కరెంటు, నీళ్ళు, మెయింటెనెన్స్, ఆఫీసుకు పోయొచ్చే ఖర్చు అన్నీ అద్దెలో కలిపే చూడు. దూరంగా చవక గది తీసుకొని రోజూ ఆటోలకు పోస్తే అది చవక కాదు. మొదటి రెండేళ్ళు తోటి పిల్లలతో పంచుకొని ఉండు. మిగిలే డబ్బుకు ఒక పేరు పెట్టుకో: పరీక్ష ఫీజు, ఇంకో కోర్సు, ఉద్యోగం పోతే మూడు నెలల తిండి. బాబాసాహెబ్ మిగిల్చిన దానికి లండన్ అని పేరుంది.

ఒక్క చోట మాత్రం కోత పెట్టొద్దన్నాను. రాత్రి షిఫ్టు నుంచి వచ్చేటప్పుడు గల్లీలో లైటు లేకపోతే, తలుపుకు సరైన గడియ లేకపోతే, 1,000 ఎక్కువైనా వేరే చోటు చూసుకో. ఆడపిల్ల భద్రత మిగులు ఖాతాలో రాసుకునేది కాదు.

అప్పుడు ఆ పిల్ల ఇంకో మాట చెప్పింది. “అన్నా, ఆ సింగిల్ రూం ఓనరు మీరేందోళ్ళు అని అడిగిండు. ఇంటిపేరు చెప్పి ఊకున్న. నాన్‌వెజ్ వండొద్దన్నడు.”

నాకూ జరిగింది. ఇరవై ఏళ్ళ కింద నగరంలో ఒక ఇంటి ముందు టులెట్ బోర్డు చూసి అడిగితే, ఇల్లు చూపించి, అద్దె చెప్పి, ఊరు అడిగి, ఇంటిపేరు అడిగి, చివర్లో “మా చుట్టాలు వస్తున్నరట” అన్నారు. నెల తర్వాత అటు పోతే బోర్డు అట్లనే వేలాడుతోంది.

ఇది మన ఒక్కరి అనుమానం కాదు. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో 2012లో పరీక్షించి, 2015లో ప్రచురించింది. ఒకే తీరు ఉద్యోగం, ఒకే అద్దె, పేర్లు మాత్రం వేరు. పైకులాల పేర్లకు దాదాపు అందరూ సరే అన్నారు. దళితుల్లో సుమారు 40 శాతం మందికి లేదన్నారు, లేదా అదనపు షరతులు పెట్టారు. ముస్లింలలో మూడింట రెండొంతుల మందికి అదే గతి.

షరతు అంటే ఖర్చే. మనకు తలుపులు తక్కువ తెరుచుకుంటాయి కాబట్టి బేరమాడే బలం తక్కువ. ఈ కులపన్ను ఏ శాతం సూత్రంలోనూ కనబడదు. అమెరికాలో 1968లో వచ్చినట్టు, అద్దె ఇంటి విషయంలో కులం చూడొద్దని సూటిగా చెప్పే ప్రత్యేక చట్టం మనకు ఈనాటికీ లేదు. 2005లో సుప్రీంకోర్టు, సభ్యత్వాన్ని ఒకే సముదాయానికి పరిమితం చేసుకున్న అహ్మదాబాద్ హౌసింగ్ సొసైటీ నిబంధనను తప్పు పట్టలేదు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సును రెండు నెలలకు పరిమితం చేసింది. మంచిదే. కులం ఊసు మాత్రం అందులో లేదు.

విద్యార్థి సంఘాల తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు రెండు మాటలు. హాస్టల్ కోసం కొట్లాడడం మనకు అలవాటే. ఉద్యోగం వచ్చిన మొదటి రెండేళ్ళకు నగరంలో ఉద్యోగుల హాస్టళ్ళు కావాలని ఎందుకు అడగం? కులం అడిగే ఓనరుకు జరిమానా పడే చట్టం ఎందుకు అడగం? అది వచ్చేదాకా మన సీనియర్లు ఒక పని చేయొచ్చు. కులం అడగని ఇళ్ళ జాబితా రాసి పెట్టండి. ఊరి నుంచి వచ్చే పిల్లకు మొదటి నెల అడ్వాన్సు సర్దండి. భథేనా ఇచ్చిన అప్పు ఎంత పని చేసిందో చూశారు కదా.

ఆ పిల్ల సింగిల్ రూం వదిలేసింది. అదే ఆఫీసులో పనిచేసే ఇద్దరు పిల్లలతో కలిసి ఇల్లు చూస్తోంది. ఒక్కొక్కరికి 6,000 లోపే పడేటట్టు. “ఈసారి ఓనరు అడిగితే ఏం చెప్తవు?” అన్నాను.

“ముందే చెప్తనన్నా. గోడకు బాబాసాహెబ్ ఫొటో పెట్టుకుంట, ఇష్టమైతే ఇయ్యి అని. దాచి తీసుకున్న రూం పదకొండు రోజులకు మించి ఆగదని నువ్వే అంటివి గద.”

వచ్చే భాగంలో: మన వాడల్లో మొదటి ఎస్సీ హాస్టల్ తరం. మీ ఇంట్లో అమ్మానాన్నల హాస్టల్ జ్ఞాపకాలు ఉంటే అడిగి రాసి పంపండి.

జై భీమ్.