గంటల లెక్క లేని స్టూడియో: బడ్డీ హాలీ రెండో ఆల్బమ్ కథ



పోయిన ఆదివారం సమావేశంలో మన రెండో పాటల సంకలనం మాట వచ్చింది కదా. ఇప్పుడు సీడీలు ఎవరు వింటారు, ఫోన్లలోకి పంపిద్దాం అని పిల్లలు. చేతిలో పట్టుకునేది ఏదో ఒకటి ఉండాలి అని పెద్దలు. వాదన ఎటూ తేలలేదు. ఆ సందట్లో వెనక వరసలో కూర్చున్న ఒక కుర్రవాడు, "రెండో ఆల్బమ్ ఎట్లా చేయాలో బడ్డీ హాలీని చూసి నేర్చుకోవాలి" అన్నాడు. సగం మంది నవ్వారు. మేమూ నవ్వాం. ఇంటికి వచ్చాక ఎందుకో మనసు ఒప్పుకోక వెతికి విన్నాం, చదివాం. అందుకే ఈ వారం వ్యాసం హోసూరు పొలిమేర దాటి టెక్సాస్ దాకా పోతుంది. ఓపికగా చదవండి.

1936 సెప్టెంబరు 7న టెక్సాస్ రాష్ట్రంలో లబ్బక్ అనే ఊళ్లో పుట్టాడు ఆ అబ్బాయి. చుట్టూ పత్తి చేలు. పెట్టిన పేరు చార్లెస్ హార్డిన్ హాలీ. ఇంట్లో వాళ్ల ఇంటిపేరులో ఇంకో అక్షరం ఉండేది. ఒక కంపెనీ ఒప్పంద పత్రంలో ఆ అక్షరం జారిపోయింది, ఇతను దాన్ని అట్లాగే ఉంచేసుకున్నాడు. రేషన్ కార్డులో తప్పు పడిన పేరే చివరికి అసలు పేరైపోవడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. తెలుగు ఇంటిపేర్లు తమిళంలోకి, కన్నడంలోకి పోయి ఎట్లా మారతాయో మనలో ప్రతి ఇంటికీ ఒక కథ ఉంది.

వాళ్లది బాప్టిస్టు చర్చికి పోయే కుటుంబం. ఇంట్లో అందరూ పాడేవాళ్లు. పల్లెపాటల బాణీ, చర్చి పాటల బాణీ పుట్టుకతో వచ్చాయి. మూడోది మాత్రం చాటుగా వచ్చింది. ఆ రోజుల్లో ఆ ఊళ్లో తెల్లవాళ్లకు, నల్లవాళ్లకు బళ్లు వేరు, చర్చిలు వేరు. కానీ రేడియో తరంగాలకు ఆ గోడలు అడ్డం రావు. రాత్రి పొద్దుపోయాక కారులో కూర్చుని, దూరాన లూసియానాలోని శ్రీవ్‌పోర్ట్ నుంచి వచ్చే నల్లవాళ్ల పాటలు మిత్రులతో కలిసి వినేవాడు. ఆ వినికిడి ఎంత లోతుకు దిగిందో రెండో ఆల్బమ్‌లో తెలుస్తుంది. అందులోని 12 పాటల్లో ఫ్యాట్స్ డామినో పాట ఒకటి, లిటిల్ రిచర్డ్ పాట ఒకటి ఉన్నాయి.

మొదట్లో దెబ్బలే తిన్నాడు. 1956లో డెక్కా కంపెనీ అతన్ని నాష్‌విల్‌కు పిలిపించి రికార్డు చేయించింది. అక్కడ పద్ధతులన్నీ కంపెనీవి, వాయించేవాళ్లలో చాలామంది కంపెనీ మనుషులు. కుర్రవాడు అతిథిలా నిలబడి పాడి వచ్చాడు. రికార్డులు అమ్ముడుపోలేదు, ఒప్పందం కొనసాగలేదు. ఇరవై ఏళ్లకే "నీ పని అయిపోయింది" అనిపించుకున్న మనిషి మామూలుగా అయితే నాన్నతో, అన్నలతో కలిసి ఇళ్లకు పెంకులు వేసుకుంటూ బతికేవాడు. ఆ పని అతనికి వచ్చు కూడా.

ఇతను మాత్రం రాష్ట్రం పొలిమేర దాటాడు. లబ్బక్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు పోతే న్యూ మెక్సికో రాష్ట్రంలో క్లోవిస్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ నార్మన్ పెట్టీ అనే సంగీతకారుడు సొంతంగా ఒక స్టూడియో కట్టుకున్నాడు. పక్కనే అతని తండ్రి మోటారు షెడ్డు. దాని అటకమీద ఒక ఖాళీ గదిని ప్రతిధ్వని కోసం వాడుకునేవాడు. అన్నిటికంటే మాకు నచ్చిన సంగతి, అతను అద్దె గంటల లెక్కన తీసుకునేవాడు కాదు. పాటకు ఇంత అని. ఒక పాట రాత్రంతా పట్టినా అదే డబ్బు.

ఈ ముక్క దగ్గర మేము చదవడం ఆపి కాసేపు కూర్చున్నాం. ఎందుకో మీలో కొందరికి తెలుసు. మన మొదటి సీడీకి బెంగళూరులో ఒక స్టూడియోను గంటల లెక్కన మాట్లాడుకున్నాం. నలుగు పాటలు పాడే పెద్దావిడను కారులో తీసుకుపోయాం. అద్దం అవతల ఒక మనిషి చేతి గడియారం చూసుకుంటూ ఉంటే ఆమె గొంతు పట్టేసింది. "టైము అయిపాయనా నాయనా?" అని ప్రతి చరణానికీ అడిగింది. ఇంట్లో పది చరణాలు పాడే పాట అక్కడ మూడింటితో ముగిసింది. సీడీలో ఉన్నవి ఆ మూడే.

క్లోవిస్‌లో కుర్రవాళ్లకు ఆ భయం లేదు. 1957 ఫిబ్రవరి 25న అక్కడ చేసిన పాట ఆ ఏడే దేశంలో మొదటి స్థానానికి పోయింది. నాష్‌విల్‌లో ఎవరూ పట్టించుకోని పాటే అది, మళ్లీ పాడారు. పాత ఒప్పందం ప్రకారం ఆ పాటను తన పేరుతో మళ్లీ పాడకూడదు కాబట్టి బృందం పేరు మీద వేశారు. ఆ బృందం పేరు క్రికెట్స్, అంటే కీచురాళ్లు. తర్వాత బృందం పేరు మీద ఒక కంపెనీ, హాలీ పేరు మీద ఇంకో కంపెనీ రికార్డులు వేస్తూ వచ్చాయి. తమాషా ఏమిటంటే ఆ రెండూ అతన్ని వదులుకున్న డెక్కావాళ్ల పిల్ల కంపెనీలే! 1957 నవంబరులో బృందం పేరుతో మొదటి ఆల్బమ్ వచ్చింది. 1958 ఫిబ్రవరి 20న కోరల్ ముద్రతో, 'బడ్డీ హాలీ' అనే పేరుతో రెండోది వచ్చింది. పాడిందీ వాయించిందీ చాలావరకు అదే మనుషులు.

అట్టమీద బొమ్మ చూస్తే ఒక వింత. లోకమంతా గుర్తుపట్టే ఆ లావుపాటి నల్ల ఫ్రేము కళ్లజోడు అందులో లేదు. పాటగాడు అందంగా కనపడాలని తీయించి ఉంటారని మా ఊహ.

ఇక లోపలి పాటలు. 'పెగ్గీ స్యూ' రికార్డు చేసినప్పుడు (1957 జూన్ చివర, జూలై మొదట) హాలీకి 20 ఏళ్లు, డ్రమ్ములు వాయించిన జెర్రీ ఆలిసన్‌కు 17, బేస్ వాయించిన జో మాల్డిన్‌కు 16. మన యువజన విభాగం కంటే చిన్నవాళ్లు. ఆ పాట మొదట హాలీ మేనకోడలి పేరు మీద కట్టినది. జెర్రీ తను ఇష్టపడ్డ అమ్మాయి పేరు పెట్టమన్నాడు, పెట్టారు. డ్రమ్ముల మోత గొంతును మింగేస్తుంటే ఆ సరంజామాను బయటి గదిలోకి జరిపారు. వరసగా దొర్లే ఆ మోత మీద పెట్టీ ప్రతిధ్వనిని ఆపుతూ వదులుతూ పోయాడు. మధ్యలో గిటారు స్వరం ఒక్కసారిగా మారాలి, హాలీ చేతులకు ఖాళీ లేదు. అందుకని ఇంకో గిటారు వాయించే నికీ సలివన్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని సమయానికి ఆ గిటారు మీది మీట తిప్పాడు. పాటలో అతని వాయిద్యం లేదు, ఆ మీట తిప్పడమే అతని వంతు. అమెరికా పట్టికలో మూడో స్థానం దాకా పోయిన పాట ఇది.

'ఎవ్రీడే' అనే పాటలో అసలు డ్రమ్ములే లేవు. జెర్రీ తొడల మీద అరచేతులతో దరువు వేశాడు. గంటల్లా మోగే సెలెస్టా అనే వాద్యాన్ని పెట్టీ భార్య వాయించింది. మన అమ్మలు బిడ్డను తొడమీద వేసుకుని చరుస్తూ జోల పాడేటప్పుడు వచ్చే దరువు గుర్తుందా? మాకు అదే వినిపించింది. 'వర్డ్స్ ఆఫ్ లవ్'లో హాలీ తన గొంతుకు తనే తోడు పాడాడు. మొదట పాడిన టేపు ఒక యంత్రంలో మోగుతుంటే దానితో కలిసి పాడి ఇంకో యంత్రంలోకి ఎక్కించారు. ఇప్పుడు ఫోనులో పిల్లలు రెండు నిమిషాల్లో చేసే పనే. అప్పుడు తప్పు జరిగితే మళ్లీ మొదటికి రావాలి.

ఇంకో పాట చివర, జాగ్రత్తగా వింటే, నిజం కీచురాయి అరుపు వినపడుతుంది. అటకమీది ప్రతిధ్వని గదిలోకి ఎట్లాగో దూరింది. బృందం పేరూ అదే కదా, తీసేయకుండా ఉంచేశారు. మన మొదటి సీడీలో గుడిగంట వినపడిందని ఒక మంచి జోలపాటను పక్కన పడేసిన వాళ్లలో మేమూ ఉన్నాం.

కథ అంతా తీపి కాదు. ఆ స్టూడియో పెద్దమనిషే పాటల హక్కుల్లో తన పేరు చేర్చుకుంటూ వచ్చాడు. ధ్వని విషయంలో పెట్టీ చేసిన మేలును మేము కాదనం, అంతటి ఓపిక ఇంకెవరూ చూపలేదు. కానీ 'పెగ్గీ స్యూ' మొదట వచ్చినప్పుడు రచయితల పేర్లు ఆలిసన్, పెట్టీ అని మాత్రమే ఉన్నాయి. హాలీ పేరు తర్వాతెప్పుడో చేరింది. 'ఎవ్రీడే'కి చార్లెస్ హార్డిన్ అనే పేరు కనపడుతుంది, పక్కన మళ్లీ పెట్టీ. సొంత రికార్డు మీద సొంత పాటకు అసలు పేరు లేదు!

1958 ఆగస్టులో హాలీ పెళ్లి చేసుకున్నాడు. ఆమె మరియా ఎలీనా, ప్యూర్టో రికోలో పుట్టిన అమ్మాయి, న్యూయార్క్‌లో ఒక సంగీత ప్రచురణ సంస్థలో పనిచేసేది. మొదటిసారి కలిసి భోజనానికి వెళ్లిన రోజే పెళ్లి మాట ఎత్తాడట. ఆ ఏడాది చివర్లో పెట్టీతో తెగతెంపులు అయ్యాయి. డబ్బు చిక్కుల్లో పడింది. అందుకే నడిచలికాలంలో ఊరూరా తిరిగే ఒక కచేరీ యాత్రకు ఒప్పుకున్నాడు. బస్సుల్లో వేడి పనిచేసేది కాదు, డ్రమ్ములు వాయించే అబ్బాయి కాళ్లు చలికి దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యాడు. ఇంక ఆ బస్సు ఎక్కలేక చిన్న విమానం మాట్లాడుకున్నారు. 1959 ఫిబ్రవరి 3న అయోవాలో క్లియర్ లేక్ దగ్గర అది కూలింది. హాలీకి 22. తోటి గాయకుల్లో రిచీ వాలెన్స్‌కు 17, జె.పి. రిచర్డ్‌సన్‌కు 28. విమానం నడిపిన అబ్బాయికి 21. రెండో ఆల్బమ్ వచ్చి అప్పటికి ఇంకా ఏడాది కూడా నిండలేదు.

చనిపోవడానికి ముందు నెలల్లో, న్యూయార్క్‌లోని తన ఇంట్లో, టేపు యంత్రం ముందు కూర్చుని గిటారుతో ఒక్కడే కొన్ని పాటలు పాడుకున్నాడు. వాటికి తర్వాత ఎవరెవరో వాద్యాలు అతికించి అమ్మారు. వాద్యాలు లేని టేపులే మాకు ఎక్కువ నచ్చాయి. సముద్రం అవతల లివర్‌పూల్‌లో కొందరు కుర్రవాళ్లు ఆ కీచురాళ్లను చూసే తమ బృందానికీ పురుగు పేరు పెట్టుకున్నారు. వాళ్లే బీటిల్స్. 1964లో 'వర్డ్స్ ఆఫ్ లవ్'ను తమ ఆల్బమ్‌లో పాడారు కూడా.

ఇప్పుడు మన సంగతి. మొదటి సీడీ అట్ట తీసి మళ్లీ చూశాం. సంఘం పేరు ఉంది. అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి పేర్లు, డబ్బిచ్చిన దాతల పేర్లు ఉన్నాయి. పాడినవాళ్ల దగ్గర "మహిళా సభ్యులు" అని ఒక్క మాట. ఆ అట్టమీది మాటలు రాసింది మేమే. నలుగు పాట పాడిన పెద్దావిడ ఈ లోకంలో లేదు. ఆమె కూతురు నిన్న ఫోనులో, "అందులో అమ్మ పాట ఎన్నోది?" అని అడిగింది. నాలుగోది అని చెప్పాం. మిగిలిన ఏడు చరణాలు ఆమెకు వచ్చట.

ఆదివారం పొద్దున పది గంటలకు ఆమె ఇంటికే పోతున్నాం. టేపు యంత్రం పని ఆ వెనక వరస కుర్రవాడిది. రాదలచినవాళ్లు ముందుగా చెప్పండి, వాళ్లది చిన్న ఇల్లు. ఫోన్లు ఆపేయండి. కోడి కూస్తే కూయనీయండి.