గ్యాస్ట్రిన్: ఒక అనుమానిత హార్మోను చరిత్ర

జీర్ణాశయంలో ఆమ్లం ఊరడం నరాల పనే అని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ కాలంలో శాస్త్రజ్ఞులు నమ్మేవారు. 1905లో లండన్‌లో జాన్ ఎడ్కిన్స్ పిల్లి జీర్ణాశయం దిగువ భాగపు లోపలి పొర నుంచి తీసిన సారాన్ని రక్తంలోకి ఎక్కిస్తే ఆమ్లం ఊరింది. అందులోని హార్మోనుకు గ్యాస్ట్రిన్ అని పేరు పెట్టాడు. ఆ తర్వాత హిస్టమిన్ కూడా ఆమ్లాన్ని ఊరిస్తుందని పోపియెల్‌స్కీ చూపడంతో, ఎడ్కిన్స్ చూసింది హిస్టమిన్‌నే అని చాలామంది తీర్మానించారు. ఆ నింద 1938 దాకా తొలగలేదు. హిస్టమిన్ లేని సారంతోనూ ఆమ్లం ఊరుతుందని ఆ ఏడాది కొమరోవ్ నిరూపించాడు.

పుండుతో గ్యాస్ట్రిన్‌కున్న సంబంధానికి తొలి ఆధారం 1955లో దొరికింది. ఎన్ని ఆపరేషన్లు చేసినా తిరగబెట్టే పుండ్లకు క్లోమంలోని కంతి కారణమని జోలింజర్, ఎలిసన్ గుర్తించారు. ఆ కంతి విడుదల చేసేది గ్యాస్ట్రిన్‌నే అని తర్వాత తేలింది. 1964లో లివర్‌పూల్‌లో గ్రెగరీ, ట్రేసీ దాన్ని శుద్ధి చేశారు. అది 17 అమైనో ఆమ్లాల గొలుసు.

నిజానికి పాత తగాదాలో రెండు పక్షాలూ సరైనవే. గ్యాస్ట్రిన్ ముందు జీర్ణాశయ పొరలోని ఒక రకం కణాలను తట్టి లేపుతుంది. అవి హిస్టమిన్ వదులుతాయి. ఆ హిస్టమిన్ ఆమ్లకణాలను పనిలోకి దించుతుంది. జేమ్స్ బ్లాక్ బృందం తెచ్చిన సిమెటిడిన్ ఈ చివరి మెట్టును అడ్డుకునే మందు. తర్వాత వచ్చిన ఒమెప్రజోల్ ఆమ్లకణంలోని పంపునే ఆపేస్తుంది. 1984లో అంజిరెడ్డి హైదరాబాద్‌లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ ఈ మందును ‘ఒమెజ్’ పేరుతో అమ్మింది. తెలుగు ఇళ్లలో పరగడుపున వేసుకునే ‘గ్యాస్ మాత్ర’ల్లో అదొకటి.

1982లో మార్షల్, వారెన్ పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమిని కనిపెట్టాక హార్మోను కథ ముగిసిందనిపించింది. ముగియలేదు. ఈ క్రిమి జీర్ణాశయం దిగువ భాగాన్ని వాపెక్కించినప్పుడు, గ్యాస్ట్రిన్‌ను అదుపులో ఉంచే సొమాటోస్టాటిన్ తగ్గుతుంది. పగ్గం వదిలిన గ్యాస్ట్రిన్ ఆమ్లాన్ని పెంచుతుంది, ఆంత్రమూలంలో పుండు పడుతుంది. వాపు పైభాగానికి పాకితే మాత్రం ఆమ్లం తగ్గిపోతుంది. క్రిమి ఒకటే అయినా రోగం అందరికీ ఒకేలా రాకపోవడానికి ఇదొక కారణం. పుండుకు మిరపకారమే కారణమని మోపే నిందకు ఇందులో చోటు లేదు.

హైదరాబాద్‌లోని నాచారంలో అప్పట్లో ఉన్న డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీలో నియాజ్ అహ్మద్ బృందం ఈ క్రిమి జన్యువులను పరిశీలించింది. భారతీయ రకాల మూలాలు ఐరోపా రకాలతో కలుస్తాయని 2007లో ప్రకటించింది.

యాంటీబయాటిక్‌లతో క్రిమి పోతే గ్యాస్ట్రిన్ మామూలు స్థాయికి దిగుతుంది. ఆమ్లాన్ని మాత్రమే అణిచే మాత్రతో అందుకు భిన్నంగా జరుగుతుంది: ఆమ్లం తగ్గినకొద్దీ శరీరం గ్యాస్ట్రిన్‌ను పెంచుతుంది. అందుకే చాలాకాలం వాడిన మాత్రను హఠాత్తుగా మానేస్తే కొన్నాళ్లు ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరవచ్చు.