కాళ్ల దగ్గర మూసిన గౌను

కట్టెలు కొంచెం ఎగదోయి అమ్మీ, మంట సన్నగిల్లింది. ఆ సూదులు, ఊలు ఉండ ఇట్లా తే. మాటలకు మాటలు, పనికి పని.

ఇప్పుడు మీరు చలి చలి అంటాండారు గానీ, అప్పటి సున్నిపెంట చలి మీరు చూడలా. 1963లో నెహ్రూ వచ్చి శ్రీశైలం డ్యాముకు పునాదిరాయి వేసిపోయినాడు. ఆ పనికోసం ఈ అడివిలో లేపిన కాలనీ ఇది. మనది అప్పుడు కర్నూలు జిల్లానే. మీ తాతకు ప్రాజెక్టులో కొలువు. పెండ్లయినాక నంద్యాల నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా నన్ను బస్సులో తెచ్చినాడు. నంద్యాలలో పల్చని దుప్పటితో చలికాలమంతా వెళ్లిపోయేది. ఈడ పొద్దుగూకితే చాలు, రేకుల ఇల్లు మంచుగడ్డే.

మీ నాయన పుట్టింది పుష్యమాసంలో. మా అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత పంపింది. వెచ్చగానే ఉండేది గానీ వాడు కప్పనిస్తేనా? తన్ని తన్ని అవతలికి తోసేటోడు. గొంగళి కప్పుదామంటే గరుకు, లేత ఒళ్లు కందిపోతుంది. పైగా బరువు. మూతి మీదికి జరిగిందంటే ఊపిరాడదని నాకు కంటి మీద కునుకుండేది కాదు.

పక్క క్వార్టరులో పంజాబామె ఉండేది, క్రేను నడిపేటాయన పెండ్లాం. ఆమెకు తెలుగు రాదు. నాకు నంద్యాల వీధుల్లో అబ్బిన ఉర్దూ ముక్కలు నాలుగు. వాటితోనే సంసారాలన్నీ చెప్పుకునేటోళ్లం. నా అవస్థ చూసి, వాళ్లాయన స్వెట్టరొకటి బయటికి తీసింది. వెల్డింగు నిప్పురవ్వలు పడి చిల్లులు పడింది అది. నా కండ్ల ముందే సర్రున ఊడదీసింది. ఊలు వంకీలు తిరిగి వచ్చిందా, దాన్ని కుర్చీ వీపుకు చుట్టి లచ్చి చేసి, నీళ్లలో ముంచి, కింద ఇత్తడి చెంబు కట్టి వేలాడదీసింది. తెల్లారేసరికి తిన్నగా అయ్యింది.

అల్లింది గౌనే, కాకపోతే కింద మూసేసింది, సంచి మాదిరి. భుజం నుంచి పాదం దాకా కొలిచి ఇంకో బెత్తెడు కలిపింది, లోపల బిడ్డ కాళ్లాడించుకోవాల గదా. చేతులు బయటికే. భుజాల మీద గుండీలు. మెడకు దారం కట్టే రకాలుంటాయి, టోపీ కూడా పెట్టమంటారు కొందరు. నేనొప్పుకోను. నిద్రలో పిల్లోని మెడకు, ముక్కుకు అడ్డం పడేదేదీ ఉండకూడదు.

అసలు తెలివి ఇంకోటుంది, చూసుకో. ఆమె కింది నుంచి మొదలుపెట్టలా, మెడ నుంచి కిందికి అల్లుకొచ్చింది. అల్లిక ముగించిన కొస నుంచే ఊడొస్తుంది, మొదలుపెట్టిన కొస నుంచి సులభంగా రాదు. కాబట్టి పిల్లోడు పొడుగైతే కింద కుట్టు విప్పి, ముగింపు ఊడదీసి, కుట్లన్నీ మళ్లీ సూది మీదికి ఎక్కించుకుని ఇంకో నాలుగు వేళ్లు అల్లొచ్చు. మీ నాయనకు అట్లా పెంచినాం. వాడు నడిచేటప్పుడు తీసేసినాం, కాళ్లు మూసుంటే పడతాడని. తర్వాత అదే ఊలు మీ అత్తకు టోపీ అయింది.

ఇప్పుడు అంగట్లో దొరికే అక్రిలిక్ దారం మెత్తగానే ఉంటుందిలే, ఉతకడం కూడా సులువు. కానీ మన మాదిరి మంట చుట్టూ కూర్చునేటోళ్లకు అది పనికిరాదు. నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. గొర్రె ఊలు మాడుతుంది, తొందరగా అంటుకోదు. ఏదైనా సరే, బిడ్డను మంట దగ్గరికి తేవద్దు, అది వేరే మాట.

ఉతికేది కుంకుడు రసంలో, చన్నీళ్లతో. పిండొద్దు. తువ్వాలులో చుట్టి అదిమి, నీడన మంచం మీద పరిచి ఆరబెట్టాల. తీగ మీద వేసినావంటే నీళ్ల బరువుకు సాగి ఆ సంచి నీకే సరిపోతుంది.

డ్యాము నిండింది చానా ఏండ్ల తర్వాత. అంతకు ఎప్పుడో ముందే ఆ పంజాబామె వాళ్లు ఇంకో ప్రాజెక్టుకు బదిలీ అయిపోయినారు. కాలనీ బతుకే అంత. పోయేటప్పుడు ఆమె సూదుల జత నాకిచ్చింది. ఇప్పుడు నీ చేతిలో ఉండేవి అవే.

నీకు మాఘంలో గదా కాన్పు? అప్పటికి చలి తగ్గుముఖం పడుతుంది, బిగించి అల్లొద్దు, వదులుగా పోనీ. మెడ అంచు రెండు సీదా, రెండు ఉల్టా. ఎన్ని ఎక్కించినావ్? యాభై నాలుగా? నాలుగుతో తెగాల అమ్మీ. ఇంకో రెండు ఎక్కించు.