ఫొటో కడుపుల రంగుల చిట్టీ

పెండ్లి ఫ్లెక్సీ కొట్టించినోళ్లకు గీ సంగతి ఎరుకే. ఫోన్‌ల సూస్తే చీర ఎర్రగ మెరుస్తది, ఫ్లెక్సీ మీదికి వచ్చేసరికి ఇటుక రంగు పడ్తది. ఇగ షాపాయన మీద లొల్లి. ఆయన తప్పు సగమే. ఎరుపు అంటె ఫోన్ తెరకు ఒక లెక్క, ప్రింటర్ సిరాకు ఇంకో లెక్క. రెండు లెక్కలను కలపనీకి ఫొటో ఫైల్ లోపల్నే ఒక చిన్న చిట్టీ పెడ్తరు. దాన్నే కలర్ ప్రొఫైల్ అంటరు. 1993ల అడోబ్, ఆపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్ అసొంటి ఎనిమిది కంపెనీలు కలిసి ఐసీసీ అనే సంఘం పెట్టినయి. చిట్టీ ఎట్ల రాయాల్నో ఖాయం జేసింది గీ సంఘమే.

రంగు తప్పితె ఫ్లెక్సీ ఖరాబైతది, అంతే. అసలు భయం వేరే ఉన్నది. గా చిట్టీని చదివే సాఫ్ట్‌వేర్‌ను మోసం జేసి కంప్యూటర్‌ల జొరబడొచ్చు.

ఎట్లనంటె, చిట్టీ మొదట్ల 128 బైట్ల హెడర్ ఉంటది. దాని కింద ఒక పట్టిక. పట్టికల ఒక్కో వరుస 12 బైట్లు: మొదటి నాలుగు సరుకు పేరు, తర్వాతి నాలుగు అది ఫైల్‌ల ఎక్కడ మొదలైతదో, ఆఖరి నాలుగు అది ఎంత పొడుగో. గీ అంకెలు రాసేది ఎవరు? ఫైల్ తయారు జేసినోడే. వాడే దొంగైతె?

పాస్‌బుక్కుల రెండెకరాలని రాసి ఉన్నది, భూమి మీద సూస్తే పది గుంటలే అనుకో. గట్టు సూడకుంట కాయితం నమ్మి నాగలి కడితె పక్కోని చేన్లకు పోతం. సాఫ్ట్‌వేర్ కూడ గట్లనే పోతది. తనకిచ్చిన మెమరీ జాగ దాటి పక్క జాగను చదివితె ఆడ ఉన్న వేరే సమాచారం బయటపడొచ్చు. పక్క జాగల రాస్తె ఇంకా ఘోరం, దొంగ రాసిన ఆర్డర్లనే కంప్యూటర్ తన పని అనుకోని చేయొచ్చు.

లిటిల్ సీఎంఎస్ అని ఒక లైబ్రరీ ఉన్నది. మార్టి మారియా అనేటాయన 1998ల మొదలుపెట్టిండు. గింప్, గోస్ట్‌స్క్రిప్ట్, ఓపెన్ జేడీకే అసొంటి మస్తు సాఫ్ట్‌వేర్లు రంగుల పని దానితోనే నడిపిస్తయి. ప్రొఫైల్ పేరును పలు భాషల్ల రాసుకునే సౌలత్ ఒకటి ఉంటది, తెలుగుల కూడ రాసుకోవచ్చు. గా పేర్లను చదివే కాడనే లిటిల్ సీఎంఎస్ గట్టు దాటి చదువుతున్నట్టు బయటపడ్డది. 2016 నంబర్ మీద నమోదైన లోపం అది.

2018ల దొరికింది ఇంకో తీరుది. రంగు కొలతల ఫైల్‌ల ఎన్ని వరుసలు, ఎన్ని గడులు అని రెండు అంకెలుంటయి. రెండింటిని గుణించి అంత జాగ తీసుకోవాలె. కానీ 32 బిట్ల లెక్క 429 కోట్లు దాటినంక మళ్ల సున్నకెళ్లి మొదలైతది, పాత బండి మీటర్ 99999 కాడ తిరిగినట్టు. అంకెలు కావాలని పెద్దగ పెడితె వచ్చే జవాబు చిన్నగుంటది. మానికెడు జాగ తీసుకొని కుంచెడు వడ్లు పోస్తె ఏమైతది? పొర్లి పక్కదాని మీద పడ్తది.

గీ తప్పులకు లిటిల్ సీఎంఎస్ ఒక్కదాన్నే అంటె అన్యాయం. పైసా తీసుకోకుంట లోకానికి ఇచ్చిన కోడ్ అది, వాడుకున్న పెద్ద కంపెనీలకు కూడ పరీక్షించే బాధ్యత ఉండె. వాళ్ల సొంత ఇండ్లు కూడ ఏం గట్టిగ లేకుండె. 2008 ఆగస్టుల మైక్రోసాఫ్ట్ విండోస్ రంగుల వ్యవస్థకు ప్యాచ్ ఇచ్చింది, ఎందుకంటె ఎక్స్‌పీ కంప్యూటర్‌ల ఒక్క బొమ్మ తెరిస్తె చాలు, దాన్ని దొంగ చేతిల పెట్టొచ్చు. 2013 ఫిబ్రవరిల జావా రంగుల భాగంల ఉన్న తప్పును దొంగలు ముందుగాల్నే కనిపెట్టి వాడుకున్నరు, ఒరాకిల్ మార్చి 4న ఆదరబాదర ప్యాచ్ ఇడిసింది. 2021 అక్టోబర్‌ల ఐఫోన్ వంతు. గూగుల్ ప్రాజెక్ట్ జీరో వాళ్లు సూపెట్టిన తప్పును ఆపిల్ ఐఓఎస్ 15.1ల సరిజేసింది.

వీటిల చాలామట్టుకు సీ, సీ ప్లస్ ప్లస్ భాషల రోగమే. గా భాషల్ల గట్టు సూసుడు రాసేటోని పని, మర్శిపోతె అడిగేటోడు లేడు. రస్ట్ అసొంటి భాషల్ల గట్టు దాటుతుంటె ప్రోగ్రామే ఆగిపోతది. ఫైర్‌ఫాక్స్ తన రంగుల లైబ్రరీ క్యూసీఎంఎస్‌ను రస్ట్‌ల తిరగరాసుకున్నది. ఆండ్రాయిడ్‌ల కొత్త కోడ్ గిసొంటి భాషల్ల రాసుడు పెంచినంక, మొత్తం లోపాలల్ల మెమరీ లోపాల వాటా 2019ల 76 శాతం ఉన్నది 2024కల్ల 24 శాతానికి దిగింది. కోడింగ్ నేర్సుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు సీ నేర్సుకోవాలె, కాదనను. కానీ బయటికెళ్లి వచ్చిన ఫైల్‌ను చదివే కోడ్ రాసేటప్పుడు గా 76, 24 యాదుంచుకోవాలె.

"తెల్వనోళ్లు పంపిన ఫొటో తెరువకు" అని అందరు చెప్తరు. అది సగం మాటే. గ్యాలరీల చిన్న బొమ్మ సూపెట్టనీకి ఫోనే ముందు ఫైల్ తెరుస్తది, నువ్వు ముట్టకముందే. కాబట్టి అప్‌డేట్ వస్తె రేపు మాపు అనకు. ఫ్లెక్సీ, ఫొటో షాపుల కంప్యూటర్లకు ముప్పు ఎక్కువ. దినాం ఎవరెవరి ఫైళ్లో తెరుస్తరు, విండోస్ 7 మీదనే నడిపేటోళ్లు ఇంకా ఉన్నరు. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14 నాడే అప్‌డేట్లు బంద్ పెట్టింది, విండోస్ 10కి కూడ 2025 అక్టోబర్ 14తోని మామూలు అప్‌డేట్లు ఆగినయి. గా కంప్యూటర్‌లనే బ్యాంకు లాగిన్ కూడ పెట్టుకున్న షాపాయన ఉంటె, ముందు దాన్ని వేరే మెషిన్‌కు మార్చమని చెప్పుండ్రి. ఇగ కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్లు అని అడిగినంక, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేండ్లు ఇస్తరో అది కూడ అడుగుండ్రి.