చిన్న తెరపై తెలుగక్షరము : ముంబయి నేర్పిన పాఠము

తెలుగు లిపి గుండ్రనిది. తలకట్టు, గుడి, ఎత్వము అక్షరమునకు పైభాగమున నిలుచును. ఒత్తులు క్రిందికి దిగును. ‘స్త్రీ’ అను నొక్క యక్షరమునందే సకారమునకు పైన గుడిదీర్ఘమును, క్రింద తకార రేఫముల యొత్తులును ఇమడవలెను. కావున రోమను లిపికి చాలిన యెత్తు తెలుగునకు చాలదు. ఈ చిక్కు అచ్చు పుట్టిన నాటినుండియు ఉన్నదే. నేడు కంప్యూటరు తెరపై కనబడు చిన్న ప్రకటన పట్టీలలో అది మరల తలయెత్తినది. దానికి పరిష్కారము వెదకిన చరిత్రలో ముంబయి నగరమునకు గణనీయమైన పాలు కలదు.

సీసపు టచ్చుల కాలమున ప్రతి పరిమాణమునకును అక్షరమును ఉక్కుపై వేరుగా చెక్కెడివారు. చిన్న యక్షరమునకు సన్నని గీతలను కొంత బలపరచి, నడిమి ఖాళీని కొంత విశాలపరచుట పనివారి నేర్పు. పెద్ద యక్షరమును కుదించినంతమాత్రమున మంచి చిన్న యక్షరము కాజాలదని వారెరుగుదురు. బొంబాయిలోని అమెరికన్ మిషన్ ముద్రణాలయమున థామస్ గ్రాహమ్ దేవనాగరికి చిన్న అచ్చులను సిద్ధపరచెను. ఆ ముద్రణాలయముననే పని నేర్చిన జావజీ దాదాజీ 1869లో నిర్ణయసాగర ముద్రణాలయమును నెలకొల్పెను. అచటి సంస్కృత గ్రంథముల స్ఫుటమైన అచ్చు తెలుగు పండితులకును సుపరిచితము. నిజాము రాజ్యమునుండి కూలికై వచ్చిన కామాఠీల పేర కామాఠీపుర వెలసినదియు ఈ నగరముననే.

కంప్యూటరు వచ్చిన పిదప ఈ నేర్పు కొంతకాలము మరుగున పడినది. అందు అక్షరము వంపుగీతల కొలతగా నిలువయుండి, కోరిన పరిమాణమునకు పెరుగును, తరుగును. కాని తెర చిన్న చిన్న చదరముల కూర్పు. ఒక్కొక్క చదరమునకు పిక్సెలని పేరు. అక్షరపు గీత సరిగా ఒక చదరముపై పడినచో నల్లగా తేటగా కనబడును. రెండు చదరముల నడుమ పడినచో రెండును సగము బూడిదరంగు దాల్చును, గీత మసకబారును. పెద్ద యక్షరమున ఈ దోషము కంటి కానదు. చిన్న యక్షరమున అదియే అక్షరమును మ్రింగును.

వెబ్ ప్రకటనలకు తొలినాళ్లలో ప్రసిద్ధమైన పట్టీ కొలత 468 పిక్సెళ్ల వెడల్పు, 60 పిక్సెళ్ల ఎత్తు. అందు రెండు పంక్తులు వ్రాసినచో పంక్తికి 30 మాత్రమే దక్కును. పైన గుడికి, క్రింద ఒత్తునకు, అంచులకు చోటు విడువగా అక్షరపు మేనికి మిగులునది అందు సగమునకు మించదు. ‘ద’కారమునకు క్రింద చిన్నగీత చేరినచో ‘ధ’కారము, దాని నడుమ చుక్క కూడ చేరినచో ‘థ’కారము. ఆ గీత మసకలో కలసిపోయినచో ‘ఆంధ్ర’ శబ్దము ‘ఆంద్ర’ యగును.

1991లో యూనికోడు తొలి కూర్పున తెలుగునకు స్థానము లభించెను. అయినను సామాన్యుల కంప్యూటర్లలో తెలుగు కుదురుకొనుటకు మరికొన్ని యేండ్లు పట్టినది. అంతవరకు పలు వెబ్ పుటలు తమ సొంత ఖతులతోనో, అక్షరములను బొమ్మలుగా మార్చియో కాలము గడపినవి. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ యను తెలుగు ఖతి వచ్చినది. గోదావరి పాయ పేరు గల ఆ ఖతి రూపకల్పనకు నేతృత్వము వహించినవారు ముంబయి వాస్తవ్యులు, మరాఠీ లిపికారులు రఘునాథ కృష్ణ జోషి (1936-2008). ఐఐటీ బొంబాయిలో బోధించి, పిమ్మట జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రమున వారు భారతీయ లిపులకు ఖతులు కూర్చిరి. తరువాతి కాలమున ముంబయిలోని ఏక్ టైప్ సంస్థ ‘బాలూ తమ్ముడు’, ‘అనేక్ తెలుగు’ ఖతులను వెలువరించెను.

ఖతి మంచిదైనను కూర్పరి యెరుక లేనిదే పట్టీ తేటపడదు. అచ్చుపనివారి పాత సూత్రమే ఇచటను శరణ్యము: చదువబడు పరిమాణముననే అక్షరమును కూర్చవలెను. పెద్ద బొమ్మను గీసి కుదించుట తగదు. ఒక పట్టీకి ఒక పంక్తి మేలు. ఒత్తులకు చోటు విడిచి, సన్నగీతల ఖతిని మాని, నీడలను తొలగించి, ఒకే రంగు నేలపై వ్రాయవలెను. 1992 నాటి జేపెగ్ పద్ధతి ఛాయాచిత్రములకు తగినది. ఎనిమిదేసి పిక్సెళ్ల గళ్లుగా విభజించి సూక్ష్మభేదములను విడుచుటచే అక్షరముల అంచులచుట్టు మరకలు పుట్టును. 1996 నాటి పీఎన్‌జీ పద్ధతి పిక్సెలును చెడగొట్టదు. నేటి చేతిఫోన్ల తెరలు దట్టమైనవి గావున బొమ్మను రెండు మూడు రెట్లు పెద్దదిగా సిద్ధపరచుట అవసరము. వీలైనచోట బొమ్మకు బదులు యూనికోడు అక్షరములనే ఉంచినచో వెదకుటకును, అంధులకు యంత్రము చదివి వినిపించుటకును అనువగును.

దాదరు తూర్పుననున్న ఆంధ్ర మహాసభ పరిసరములు మొదలుకొని వర్లి, కామాఠీపుర చాళ్లవరకు తెలుగువారి కుటుంబములలో పిల్లలు పెక్కురు మరాఠీ, ఆంగ్లములలో చదివినవారు. తెలుగు బాగుగ వచ్చిన పెద్దవాడు మసక యక్షరమును ఊహించి చదువుకొనును. క్రొత్తగా నేర్చుకొను బిడ్డ ఊహింపజాలడు. ప్రక్కనున్న మరాఠీ పంక్తికి చూపు మరల్చును. ఉగాది సభకు పిలుపుగా ఫోనులో వచ్చు చిన్న పట్టీయే అట్టి బిడ్డకు ఆ దినమున కనబడు తెలుగంతయు కావచ్చును. అందలి ధకారపు చిన్నగీతను కాపాడుట భాషను కాపాడుటలో ఒక పాలు.